అచ్చయిన రోజే అసలు రోజు: ఐరోపా రెగ్యులేషన్ ఎక్కడ, ఎప్పుడు, ఏ భాషలో చట్టమవుతుంది?

ఐరోపా సమాఖ్య రెగ్యులేషన్ ఏదైనా చేతికొస్తే ముందు చివరి అధికరణం చూడండి. సంతకాలకు కాస్త పైన రెండు వాక్యాలుంటాయి. సమాఖ్య గెజిట్ అయిన అఫీషియల్ జర్నల్‌లో ప్రచురించాక ఎన్నో రోజున ఇది అమల్లోకి వస్తుందో మొదటి వాక్యం చెబుతుంది. రెండో వాక్యం ప్రతి రెగ్యులేషన్‌లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది: ఇది ఆసాంతం కట్టుబడి తీరవలసినది, సభ్య దేశాలన్నింటిలో నేరుగా వర్తిస్తుంది. మధ్యలో ఎన్ని వందల పేజీలున్నా వాటికి బలం ఈ రెండు వాక్యాల నుంచే వస్తుంది. గుంటూరు మిర్చి, భీమవరం రొయ్య, అరకు కాఫీ కొనేవాళ్లను, హైదరాబాద్‌లో కూర్చుని జర్మనీ వినియోగదారుల సమాచారం చూసే సాఫ్ట్‌వేర్ సంస్థలను కూడా ఇవే కట్టడి చేస్తాయి. అయినా మన దగ్గర వీటిని తప్పుగా చదివేవాళ్లే ఎక్కువ.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మనకు అలవాటైన పద్ధతి వేరు. భారత ప్రభుత్వం విదేశాలతో ఒప్పందం కుదుర్చుకున్నంత మాత్రాన ఇక్కడి పౌరుడి హక్కులు, బాధ్యతలు మారవు. అందుకు పార్లమెంటు చట్టం చేయాలి, రాజ్యాంగం 253వ అధికరణం ఆ అధికారమిచ్చింది. దాంతో ఐరోపా రెగ్యులేషన్ గురించి వినగానే ‘ఇంకా జర్మనీ పార్లమెంటు దీన్ని ఆమోదించాలి కదా, అప్పుడు చూద్దాం’ అనుకుంటాం. అక్కర్లేదు. సమాఖ్య పనితీరు ఒప్పందం 288వ అధికరణం ప్రకారం రెగ్యులేషన్‌కు ఏ దేశ పార్లమెంటు ఆమోదమూ అవసరం లేదు. ఆ దేశ గెజిట్‌లో మళ్లీ అచ్చు వేయనక్కర్లేదు. రేవులోని కస్టమ్స్ అధికారి, జిల్లా కోర్టు న్యాయమూర్తి, బడ్డీ కొట్టు యజమాని అందరూ చూడాల్సింది ఆ పాఠాన్నే. దేశ చట్టం దానికి అడ్డు వస్తే, ఆ చట్టాన్ని రద్దు చేసేదాకా ఆగకుండానే న్యాయమూర్తి పక్కన పెట్టాలని లక్సెంబర్గ్‌లోని సమాఖ్య న్యాయస్థానం 1978లో సిమెంతాల్ కేసులో తేల్చింది.

అంతటితో ఆగలేదు. రెగ్యులేషన్‌ను తమ సొంత చట్టంగా తిరగరాసుకోవడాన్ని కూడా న్యాయస్థానం తప్పుపట్టింది. పాల దిగుబడి మోయలేనంత పెరిగిన రోజుల్లో, పాడి ఆవులను తగ్గించుకున్న రైతులకు ప్రోత్సాహకం ఇవ్వాలని ఒక రెగ్యులేషన్ వచ్చింది. ఇటలీ దాన్ని ఆలస్యంగా, తన డిక్రీలోకి ఎక్కించుకుని అమలు చేసింది. ఆలస్యమే తప్పు అనుకుంటే, ఎక్కించుకోవడమూ తప్పేనని 1973లో తీర్పు వచ్చింది. ఎందుకంటే అలా చేస్తే అది ఎవరి చట్టమో, ఏ తేదీ నుంచి అమలో జనానికి తికమక అవుతుంది. అదే ఏడాది అక్టోబరులో వరియోలా కేసులో ఇంకో కారణం చేర్చారు. దేశ చట్టం ముసుగు తొడిగితే, దాని అర్థం చెప్పవలసింది లక్సెంబర్గ్ న్యాయస్థానమన్న సంగతి మరుగున పడిపోతుంది.

దీన్ని డైరెక్టివ్‌తో కలిపేసుకోకండి. డైరెక్టివ్ గమ్యం మాత్రం చెబుతుంది, దారి దేశానికి వదిలేస్తుంది. గడువులోగా ప్రతి దేశమూ తన చట్టం తాను చేసుకోవాలి, అందుకే ఒకే డైరెక్టివ్‌కు 27 దేశాల్లో 27 రూపాలు కనిపిస్తాయి. డెసిషన్ అయితే ఎవరిని ఉద్దేశించి రాశారో వాళ్లనే కట్టడి చేస్తుంది. మన చెరువు రొయ్యల మీద తనిఖీ పెరిగింది అలాంటి డెసిషన్‌తోనే. భారత్ నుంచి వచ్చే పెంపకపు జలచరాల సరుకులో కనీసం 50 శాతానికి నమూనాలు తీసి యాంటీబయాటిక్ అవశేషాలు చూడాలని 2016లో సభ్య దేశాలకు చెప్పారు. ఆ ఆదేశం భీమవరం ఎగుమతిదారుకు కాదు, బెల్జియంలోని యాంట్వర్ప్ రేవు అధికారికి. దెబ్బ మాత్రం భీమవరానికే తగులుతుంది.

నేరుగా వర్తిస్తుందంటే దేశాలకు చేసే పనేమీ ఉండదని కూడా కాదు. చాలా రెగ్యులేషన్లు కొన్ని ఖాళీలు వదిలిపెడతాయి: జరిమానా ఎంత, తనిఖీ చేసే శాఖ ఏది, అప్పీలు ఎక్కడ. డేటా రక్షణ రెగ్యులేషన్ 2016/679నే చూడండి. పిల్లలు ఆన్‌లైన్ సేవకు సొంతంగా సమ్మతి ఇవ్వగల వయసు 16 ఏళ్లని పెట్టి, 13 దాకా తగ్గించుకునే వెసులుబాటు దేశాలకిచ్చింది. జర్మనీ 16 దగ్గరే ఉంది. ఫ్రాన్స్ 15కు, ఆస్ట్రియా 14కు తగ్గించుకున్నాయి. రెగ్యులేషన్ ఒక్కటే గదా అని ఐరోపా అంతటికీ ఒకే వయసు పెట్టి యాప్ కట్టిన సంస్థ ఇక్కడే బోల్తా పడుతుంది. పాఠంలో ‘సభ్య దేశాలు నిర్ణయించవచ్చు’, ‘సభ్య దేశాలు శిక్షలు నిర్దేశించాలి’ అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, అక్కడికి మాత్రం ఆ దేశ చట్టం తెచ్చి పక్కన పెట్టుకోవాలి.

ఇక ప్రచురణ సంగతి. దేశ పార్లమెంటులో చర్చ లేదు, దేశ గెజిట్ లేదు. అలాంటప్పుడు ఈ చట్టం తన నెత్తిన ఉందని పౌరుడికి తెలిసేదెలా? ఊళ్లో దండోరా వేయకుండా పన్ను వసూలుకు బయల్దేరితే ఎవరు ఒప్పుకుంటారు? ఐరోపా సమాఖ్యలో ఆ దండోరా ఒక్క అఫీషియల్ జర్నలే. చట్టాలు దాని ‘ఎల్’ విభాగంలో, ప్రకటనలు, సమాచారం ‘సి’ విభాగంలో వస్తాయి. సమాఖ్య పనితీరు ఒప్పందంలోని 297వ అధికరణం చెప్పేది ఇది: రెగ్యులేషన్‌ను జర్నల్‌లో ప్రచురించాలి, అది తానే చెప్పిన తేదీన అమల్లోకి వస్తుంది, తేదీ చెప్పకపోతే ప్రచురణ తర్వాత 20వ రోజున.

ఈ 20వ రోజు లెక్కలో పొరపాట్లు ఎక్కువ. ప్రచురించిన రోజును లెక్కలోకి తీసుకోరు. ఆహారంలోని కలుషిత పదార్థాల పరిమితులు పెట్టిన రెగ్యులేషన్ 2023/915 మే 5న అచ్చయింది కాబట్టి మే 25న అమల్లోకి వచ్చింది. ఆ రోజు ఏ గంట నుంచి? మొదటి గంట మొదలైనప్పటి నుంచేనని గడువుల లెక్క కోసమే చేసిన 1182/71 రెగ్యులేషన్ చెబుతుంది. కాబట్టి మే 24 అర్ధరాత్రి దాటిన క్షణం నుంచి కొత్త పరిమితులే. జర్నల్ మీద వేసిన తేదీనే ప్రచురణ తేదీగా తీసుకుంటారు. ఆ సంచిక నిజంగా ఆ రోజు జనానికి అందలేదని రుజువు చేస్తే, అందిన రోజే లెక్కకొస్తుందని 1979లో రాకె కేసులో తీర్పుంది. కాగితం రోజుల్లో ఈ తీర్పుకు చాలా విలువ ఉండేది. 2013 జులై 1 నుంచి ఎలక్ట్రానిక్ సంతకంతో వెలువడే ఇంటర్నెట్ ప్రతే అసలు ప్రతి. ఆ వ్యవస్థ అనుకోని అవాంతరంతో ఆగిపోతే మాత్రం అచ్చు ప్రతి చెల్లుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి రోజుకో సంచికగా కట్టగట్టడం మానేసి, ఏ చట్టానికి ఆ చట్టాన్ని విడిగా ప్రచురిస్తున్నారు. అందువల్ల పాత పద్ధతిలో ‘ఎల్ 119, ఫలానా పేజీ’ అని ఉటంకించే అలవాటు కొత్త వాటికి పనికిరాదు.

తెలుగు పత్రికల్లో ‘అమల్లోకి వచ్చింది’ అన్న ఒక్క మాటకు రెండు అర్థాలు కలిసిపోతున్నాయి. చట్టంగా ప్రాణం పోసుకోవడం ఒకటి, జనం మీద బాధ్యతగా వర్తించడం మరొకటి. డేటా రక్షణ రెగ్యులేషన్‌ను 2016 ఏప్రిల్ 27న ఆమోదించారు, మే 4న ప్రచురించారు, మే 24న అమల్లోకి వచ్చింది. వర్తించడం మొదలైంది 2018 మే 25న. మధ్యలోని రెండేళ్లూ అది చట్టమే, రద్దు చేస్తే తప్ప పోదు. అయినా దాన్ని చూపించి ఏ సంస్థకూ జరిమానా వేయలేరు. పర్యవేక్షణ శాఖలు ఏర్పాటు చేసుకోవడానికి, కంపెనీలు ఒప్పందాలు తిరగరాసుకోవడానికి ఇచ్చిన గడువది. ఆమోదించిన తేదీ చట్టం పేరులోనే కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్నే పట్టుకుంటారు. ఆచరణలో అన్నిటికంటే తక్కువ పనికొచ్చే తేదీ అదే.

ఈ ఎడం ఎంత ముఖ్యమో అరకు కాఫీ విషయంలో చూడొచ్చు. అడవులు నరికిన నేలలో పండిన సరుకు ఐరోపా మార్కెట్లోకి రాకూడదన్న రెగ్యులేషన్ 2023/1115 ఏడు సరుకులకు వర్తిస్తుంది, అందులో కాఫీ ఒకటి. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన భూమి కాకూడదు. పంట పండిన ప్రతి భూమి చెక్క ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం ఆరు దశాంశ స్థానాల దాకా ఇవ్వాలి. నాలుగు హెక్టార్లకు మించితే హద్దులన్నీ చూపాలి, అంతకు లోపైతే ఒక్క బిందువు చాలు. ఏజెన్సీలో కాఫీ తోటలు చిన్నవి కాబట్టి ఎక్కువ మంది రైతులకు ఒక్క బిందువుతో సరిపోతుంది. ఇది 2023 జూన్ 29నే అమల్లోకి వచ్చింది. వర్తించే తేదీని మొదట 2024 డిసెంబరు 30గా పెట్టారు, ఆ గడువుకు వారం రోజుల ముందు ప్రచురించిన సవరణతో ఏడాది వాయిదా వేశారు. 2025 డిసెంబరులో మరో సవరణ వచ్చి పెద్ద, మధ్య తరహా సంస్థలకు 2026 డిసెంబరు 30కి మార్చింది. ‘వాయిదా వేస్తారట’ అని నెలల తరబడి వార్తలు వచ్చినా, సవరణ జర్నల్‌లో పడేదాకా పాత తేదీయే చట్టం. బ్రస్సెల్స్‌లో కుదిరిన రాజీని నమ్మి సర్వే ఆపేసుకోవడం మంచిది కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ రెగ్యులేషన్ అరకు రైతు మీద వర్తించదు. కాఫీని ఐరోపా మార్కెట్లో పెట్టే దిగుమతిదారు మీద వర్తిస్తుంది. రైతు దాకా వచ్చేది కొనుగోలు ఒప్పందంలోని షరతు రూపంలోనే. ఆహార పరిమితులూ అంతే. డేటా రెగ్యులేషన్ తీరు మాత్రం వేరు. ఐరోపాలో ఉన్నవారికి సేవలు అమ్మినా, వాళ్ల నడవడిని గమనించినా, సంస్థ ఎక్కడున్నా మూడో అధికరణం ప్రకారం నేరుగా కట్టడి చేస్తుంది. కనుక ఒక రెగ్యులేషన్ చదివేటప్పుడు ‘ఎవరిపై బాధ్యత’ అన్న ప్రశ్నకు సమాధానం మొదటి నాలుగైదు అధికరణాల్లోనే వెతకాలి.

ఏ భాషలో అచ్చయిందన్నది అన్నిటికంటే లోతైన ప్రశ్న. 1958 నాటి మొదటి రెగ్యులేషన్ భాషల గురించే. ఈ రోజు 24 అధికార భాషలున్నాయి. ఏ భాషలోని పాఠమైనా అసలు పాఠమే, ఒకటి మూలం, మిగతావి అనువాదాలు అన్న మాట లేదు. రెండు భాషల్లో అర్థం తేడా వస్తే ఇంగ్లిష్ ప్రతిదే పైచేయి కాదు. అన్ని పాఠాలూ పోల్చి, చట్టం ఉద్దేశం చూసి అర్థం తీయాలి.

2004 మే 1న పది దేశాలు ఒక్కసారిగా చేరాయి. అప్పటిదాకా పోగుపడిన వేలాది పేజీల చట్టాలను తొమ్మిది కొత్త భాషల్లోకి మార్చి, ప్రత్యేక సంచికలుగా అచ్చు వేయాల్సి వచ్చింది. పని ఆలస్యమైంది. ఆ సందులోనే చెక్ రిపబ్లిక్‌లోని ఒలొమౌట్స్ కస్టమ్స్ అధికారులు స్కోమా లక్స్ అనే వైన్ దిగుమతి సంస్థకు జరిమానా వేశారు. అందుకు ఆధారంగా చూపిన సమాఖ్య కస్టమ్స్ రెగ్యులేషన్ అప్పటికి చెక్ భాషలో జర్నల్‌లో రాలేదు. ఇంటర్నెట్‌లో చెక్ అనువాదం ఉంది కదా, పైగా అంతర్జాతీయ వ్యాపారం చేసే సంస్థకు ఈ సంగతి తెలియదా అని అధికారులు వాదించారు. 2007 డిసెంబరు 11న న్యాయస్థానం ఆ వాదన తోసిపుచ్చింది. జర్నల్‌లో ఆ దేశ భాషలో రానంత వరకు, దాన్ని చూపించి ఆ దేశంలోని వ్యక్తుల మీద గానీ సంస్థల మీద గానీ బాధ్యతలు మోపకూడదు. వేరే దారిలో వాళ్లకు తెలిసి ఉండొచ్చు, అయినా చెల్లదు.

ఈ తీర్పు చెప్పనిది కూడా గమనించాలి. రెగ్యులేషన్ చెల్లకుండా పోలేదు, చెక్ ప్రభుత్వం దానికి కట్టుబడే ఉండాలి. అప్పటికే అంతిమమైపోయిన నిర్ణయాలన్నిటినీ తిరగదోడాల్సిన పని లేదు. ఆ దేశ భాషలో అచ్చు కాని రెగ్యులేషన్ రాజ్యాన్ని కట్టేస్తుంది, పౌరుణ్ని కట్టేయలేదు. నా దృష్టిలో ఐరోపా న్యాయంలోని చాలా మంచి మాటల్లో ఇదొకటి.

ఏడాది దాటాక మరో తీర్పు వచ్చింది. 2005 సెప్టెంబరు 25న వియన్నా విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు టెన్నిస్ రాకెట్లున్న సంచితో విమానం ఎక్కాడు. అవి నిషిద్ధ వస్తువులంటూ దింపేశారు. ఏ చట్టం ప్రకారం? విమాన భద్రత రెగ్యులేషన్‌ను అమలు చేసే 622/2003కు ఒక అనుబంధం ఉంది, చేతి సంచిలో తీసుకుపోకూడని వాటి జాబితా అందులో ఉంది. భద్రత కారణం చెప్పి ఆ అనుబంధాన్ని అచ్చు వేయలేదు. ప్రయాణికుడు పాటించాల్సిన జాబితాను ప్రయాణికుడికే చూపించలేదు. 2009 మార్చి 10న న్యాయస్థానం, అచ్చు కాని ఆ అనుబంధం వ్యక్తుల మీద బాధ్యతలు మోపే మేరకు దానికి కట్టడి చేసే శక్తి లేదని తేల్చింది. తనిఖీ సిబ్బందికిచ్చే సూచనలు గోప్యంగా ఉండొచ్చు గానీ పౌరుడు పాటించాల్సిన నిషేధం గోప్యంగా ఉండటానికి వీల్లేదు.

మన సుప్రీంకోర్టు ఈ మాట అంతకు 58 ఏళ్ల ముందే చెప్పింది. జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రిమండలి తీర్మానంతో ఒక నల్లమందు చట్టం చేశారు గానీ ప్రచురించలేదు. దాని కింద హర్లా అనే వ్యక్తికి శిక్ష పడింది. మూసిన గదిలో చేసిన తీర్మానంతో, జనానికి తెలియజేయకుండా, పౌరుణ్ని శిక్షించడం సహజ న్యాయానికి విరుద్ధమని 1951లో జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు ఆ శిక్షను కొట్టేసింది.

ఇక చదివే పద్ధతి. 2015 జనవరి 1కి ముందు రెగ్యులేషన్లకు వరుస సంఖ్య ముందు, సంవత్సరం వెనక ఉండేవి: పురుగుమందు అవశేషాలది 396/2005. తర్వాత సంవత్సరం ముందుకొచ్చింది: 2023/915. ఇవి తారుమారు చేసి వెతికితే ఇంకేదో చట్టం దొరుకుతుంది. యూర్‌లెక్స్ అనే అధికారిక వెబ్‌సైటులో ప్రతిదానికీ సెలెక్స్ సంఖ్య ఉంటుంది. 32016ఆర్0679లో మొదటి 3 చట్టమని, తర్వాతి నాలుగంకెలు సంవత్సరమని, ‘ఆర్’ రెగ్యులేషన్ అని, చివరివి వరుస సంఖ్య అని అర్థం. ‘ఎల్’ ఉంటే డైరెక్టివ్, ‘డి’ ఉంటే డెసిషన్. సంఖ్య సున్నాతో మొదలైతే జాగ్రత్త, అది సవరణలన్నీ కలిపి కూర్చిన ప్రతి. చదవడానికి అంతకంటే సుఖమైనది లేదు, కానీ దానికి చట్టబలం లేదు. ఆ ప్రతి చదివి అర్థం చేసుకోండి. ఒప్పందంలోకి, కోర్టులోకి మాత్రం మూల రెగ్యులేషన్, దాని సవరణలు, అచ్చు తప్పుల దిద్దుబాటు పట్టీ తీసుకెళ్లండి. ఆ పట్టీని తేలిగ్గా తీసుకోకూడదు. డేటా రెగ్యులేషన్‌కు కూడా 2018 మే 23న, వర్తించడానికి రెండు రోజుల ముందు, దిద్దుబాట్లు వచ్చాయి.

నార్వే, ఐస్‌లాండ్, లీక్‌టెన్‌స్టయిన్‌లకు సరుకు పంపేవాళ్లు ఇంకో అడుగు చూసుకోవాలి. అవి సమాఖ్య సభ్యులు కావు, సమాఖ్యతో కుదిరిన ఐరోపా ఆర్థిక ప్రాంత ఒప్పందంలో ఉన్నాయి. అక్కడ రెగ్యులేషన్ తనంత తాను రాదు, ఉమ్మడి కమిటీ నిర్ణయంతో ఒప్పందంలో చేరాలి. డేటా రెగ్యులేషన్ ఈ మూడు దేశాలకు చేరింది 2018 జులై 20న, అంటే దాదాపు రెండు నెలలు ఆలస్యంగా. దక్షిణ అమెరికా దేశాల రెండు కూటముల్లో ఈ రెండు తీరులూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఆండియన్ సముదాయం నిర్ణయాలు దాని గెజిట్‌లో అచ్చయిన రోజు నుంచి నేరుగా వర్తిస్తాయి. మెర్కోసుర్‌లో మాత్రం ప్రతి దేశమూ తన చట్టంలో చేర్చుకుని సచివాలయానికి తెలిపాకే, అందరూ తెలిపిన 30 రోజులకు అందరికీ ఒకేసారి అమలు. ఒక్క దేశం ఆలస్యం చేస్తే అందరిదీ ఆగిపోతుంది.

మన ఎగుమతిదారులను ఎక్కువగా దెబ్బతీసేవి పెద్ద రెగ్యులేషన్లు కావు, సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ జారీ చేసే చిన్న అమలు రెగ్యులేషన్లు. వాటికి రెండేళ్ల గడువుండదు. భారత్ నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ బయటపడ్డప్పుడు వచ్చిన 2020/1540 అక్టోబరు 22న జారీ అయి, 23న అచ్చయి, మూడో రోజు అంటే 26న అమల్లోకి వచ్చింది. ఇరవై రోజులు కాదు, మూడు రోజులు. ఆ రోజు నుంచి ప్రయోగశాల ఫలితం, అధికారిక ధ్రువపత్రం, రేవులో సగం సరుకుకు తనిఖీ. దీనికి మూలమైన 2019/1793లో దేశాల వారీగా, సరుకుల వారీగా అనుబంధ జాబితాలుంటాయి, ఆరు నెలలకు మించకుండా వాటిని సమీక్షిస్తారు. మొదటి అనుబంధంలో ఉంటే రేవులో తనిఖీలు ఎక్కువ. రెండో అనుబంధంలోకి జరిగితే ఇక్కడి నుంచి బయల్దేరే ముందే పరీక్ష, ధ్రువపత్రం కావాలి. మిర్చికి బూజు నుంచి పుట్టే విషం అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 అన్న పరిమితి వేరే రెగ్యులేషన్‌లో ఉంది, తనిఖీ ఎంత తరచుగా అన్నది ఇందులో ఉంది. రెండూ విడివిడిగా మారుతుంటాయి, కాబట్టి రెండూ చూడాలి.

వరికి అగ్గితెగులు వస్తే మన రైతు లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కొట్టే ట్రైసైక్లజోల్ విషయంలోనూ ఇదే జరిగింది. బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకునే పరిమితిని 2017 జూన్‌లో వచ్చిన 2017/983 ఒక్కసారిగా 0.01కి, వందో వంతుకు దించింది. బాస్మతికి మాత్రం ఆ ఏడాది డిసెంబరు చివరిదాకా గడువిచ్చింది. మందు కొట్టిన పంట అప్పటికే కోతకొస్తుంటే పరిమితి మారిందని తెలుసుకుని లాభం లేదు.

ఓడ సముద్రం మీద ఉండగానే చట్టం మారితే ఏ పరిమితి వర్తిస్తుంది? అమలు తేదీ చెప్పే అధికరణానికి ముందో వెనకో సంధికాల నిబంధన ఉందేమో చూడాలి. కొన్ని రెగ్యులేషన్లు సరుకు తయారైన తేదీని లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని ఐరోపా మార్కెట్లోకి వచ్చిన తేదీని, కొన్ని బయల్దేరిన తేదీని. బయల్దేరిన తేదీ అని ఉంటే బిల్ ఆఫ్ లేడింగ్ మీది తేదీ కాపాడుతుంది. తయారైన తేదీ అని ఉంటే మిల్లు రికార్డు కావాలి. నిబంధనే లేకపోతే సరుకు రేవు చేరిన రోజున జర్నల్‌లో ఏముందో అదే చట్టం. కాబట్టి లోడింగ్‌కు ముందు రోజు ఒకసారి, ఓడ దారిలో ఉండగా వారానికోసారి, పరిమితుల రెగ్యులేషన్, తనిఖీల రెగ్యులేషన్ రెండింటి సెలెక్స్ సంఖ్యల కింద కొత్త సవరణ పడిందేమో చూసే పనిని ఎగుమతి గుమాస్తాల్లో ఒకరికి పేరు పెట్టి అప్పగించాలి.